ముక్కుల జోసెఫ్

కిందటేడు కబడ్డీ ఆడుతుండగా మా తరగతి మిత్రుడొకడికి ముక్కు మీద మోచెయ్యి తగిలింది. వాపు తగ్గాక చూస్తే ముక్కు కాస్త పక్కకు తిరిగినట్టుంది. రాత్రిళ్లు ఒక రంధ్రం మూసుకుపోయి నోటితో గాలి పీల్చుకోవలసి వస్తోంది. డాక్టరుగారు చూసి, లోపల ముక్కు దూలం వంగిందనీ, దాన్ని సరిచేస్తే ఊపిరి బాగుపడుతుందనీ, పైకి కనిపించే వంకరను కూడా అదే ఆపరేషన్‌లో సరిచేయవచ్చనీ చెప్పారు. ఇంకా ఎదిగే వయసు కాబట్టి కొంతకాలం ఆగమన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు మొదటి దానికి వెంటనే సరేనన్నారు. రెండోది వినగానే మగపిల్లాడికి అందమెందుకని నవ్వేశారు. వాడు మాత్రం నవ్వలేదు. ఊపిరి కోసమైతే వైద్యం, రూపం కోసమైతే సోకు అని గీత గీసేయవచ్చా అని మేము నలుగురం చాలాసేపు వాదించుకున్నాం. ఆ వాదన తెగక లైబ్రరీలో వెతికితే మాకు దొరికిన మనిషి జాక్ జోసెఫ్.

ఆయన 1865లో కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టారు. అప్పట్లో అది జర్మన్ల నగరం, ఇప్పుడు కాలినిన్‌గ్రాడ్ అనే పేరుతో రష్యాలో ఉంది. తండ్రి యూదు మతగురువు. పిల్లవాడికి పెట్టిన పేరు యాకోబ్. బెర్లిన్‌లో వైద్యం చదువుకునే రోజుల్లో దాన్ని జాక్‌గా మార్చుకున్నారు. ఆ కాలపు జర్మన్ విద్యార్థులకు కత్తులతో ద్వంద్వయుద్ధం చేయడం ఒక మోజు. చెంప మీద గాటు పడితే దాచుకోకపోగా గర్వంగా చూపించుకునేవారు. జోసెఫ్ ముఖం మీద కూడా అలాంటి గాట్లు ఉండేవి. మనిషి ముఖాన్ని లోకం ఎలా చదువుతుందో ఆయనకు పుస్తకాలకంటే ముందు తన చెంపలే నేర్పి ఉంటాయని మాకు అనిపించింది.

చదువు పూర్తయ్యాక కొంతకాలం మామూలు వైద్యం చేసి, తర్వాత బెర్లిన్‌లో యూలియుస్ వోల్ఫ్ అనే పేరుమోసిన ఎముకల వైద్యుడి దగ్గర సహాయకుడిగా చేరారు. వంకర కాళ్లు, గూని వెన్ను సరిచేయడం అక్కడి పని. 1896లో ఒక తల్లి తన కొడుకును తీసుకువచ్చింది. పిల్లవాడి చెవులు బాగా బయటికి పొడుచుకు వచ్చి ఉన్నాయి. బడిలో తోటిపిల్లలు ఎంత ఏడిపించారంటే వాడు బడికి వెళ్లనని మొరాయించాడు. జోసెఫ్ ఆపరేషన్ చేసి చెవులను తలకు దగ్గరగా కూర్చారు. పని బాగా కుదిరింది. అయితే ఆయన ఉద్యోగం పోయింది. జబ్బు లేని పిల్లవాడిని రూపం కోసం కత్తి కింద పడుకోబెట్టడం వోల్ఫ్‌కు నచ్చలేదు.

ఇక్కడ వోల్ఫ్‌ను తప్పుపట్టడం తేలిక. కానీ ఆ రోజుల్లో ప్రతి ఆపరేషన్‌లోనూ ప్రాణభయం ఉండేది. యాంటీబయాటిక్ మందులు ఇంకా రాలేదు. ఆయన భయానికీ అర్థం ఉంది.

రెండేళ్లు తిరిగాక, 1898లో ఒక యువకుడు జోసెఫ్‌ను వెతుక్కుంటూ వచ్చాడు. చెవుల ఆపరేషన్ సంగతి అతను విన్నాడు. అతని ముక్కు చాలా పెద్దది. ఎక్కడికి వెళ్లినా జనం తేరిపార చూడడం, వెనక నవ్వడం వల్ల నలుగురిలో తిరగడమే మానేసి కుంగిపోయాడు. జోసెఫ్ ముందుగా ఒక శవం మీద ప్రయత్నించి చూసుకుని, ఆ తర్వాతే అతనికి ఆపరేషన్ చేశారు. ముక్కు తగ్గింది. అంతకంటే ముఖ్యంగా ఆ మనిషి మళ్లీ నలుగురిలోకి వచ్చాడు. ఆ సంగతిని ఆయన బెర్లిన్ వైద్యుల సంఘం ముందు వివరించారు. ఆయన వాదన ఇది: కాలు వంకరగా ఉన్నవాడు నడవలేకపోతే వైద్యం చేస్తున్నాం. ముఖం వల్ల సిగ్గుపడి బయటికి రాలేకపోతున్నవాడు కూడా ఒక విధంగా నడవలేనివాడే. బాధ మనసులో ఉంది, మందు ముక్కులో ఉంది.

ఆ మొదటి ఆపరేషన్ చర్మం పైనుంచి కోసి చేసింది కాబట్టి మచ్చ మిగిలింది. రంధ్రాల లోపలినుంచే పని జరిపితే పైకి గాటు కనిపించదని అమెరికాలో జాన్ రో అనే వైద్యుడు 1887లోనే చూపించి ఉన్నాడు. జోసెఫ్ కూడా కొన్నేళ్లకు లోపలి దారికే మారి, 1904లో ఆ పద్ధతిని ప్రకటించారు. కంటికి కనిపించని చోట ఎముకను కోయడానికి ప్రత్యేకంగా సన్నని రంపాలు, కత్తులు తయారుచేయించుకున్నారు. వాటిలో కొన్నిటిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే మరో పని విడిగా సాగుతోంది. ముక్కు లోపల రెండు గదుల మధ్య గోడలా ఉండేదే దూలం. ముందుభాగం మృదులాస్థి, వెనకభాగం ఎముక. అది ఒక పక్కకు వంగితే ఆ పక్క గాలి ఆడదు. పైపొరను చింపకుండా వంగిన ముక్కను మాత్రమే తీసే పద్ధతిని 1902లో షికాగోలో ఫ్రీర్, 1904లో జర్మనీలో కిలియన్ ప్రచారంలోకి తెచ్చారు. అలా ఊపిరి చూసే వైద్యులు ఒక వైపు, రూపం చూసే వైద్యులు ఇంకో వైపు అయిపోయారు. ముక్కు మాత్రం ఒక్కటే.

ఈ చీలిక వల్ల జరిగిన నష్టం తర్వాత బయటపడింది. దూలం పందిరి రాటలాంటిది. మరీ ఎక్కువగా తీసేస్తే పైకప్పు కుంగి ముక్కు మధ్యలో పల్లం పడుతుంది. అందుకే ఇప్పుడు ముందువైపు, పైవైపు దాదాపు ఒక సెంటీమీటరు పట్టీని తప్పనిసరిగా వదిలేస్తారు. అటువైపు, అందం కోసం ముక్కును మరీ సన్నగా చెక్కితే లోపలి సందు ఇరుకైపోయి, చూడడానికి బాగున్న ముక్కు గాలిని లోపలికి రానివ్వదు. జోసెఫ్ దారిలో నడిచినవారు చేసిన ఆపరేషన్లలో ఇలాంటివి ఉన్నాయి. ఆయనను గొప్పవాడిగా చెప్పుకునేటప్పుడు దీన్ని దాచడం సబబు కాదు.

1914లో యుద్ధం వచ్చింది. కందకంలోంచి తల ఎత్తిన సైనికుడికి తూటా తగిలేది ముఖానికే. దవడలు పోయినవారు, ముక్కులు లేనివారు వందల్లో తిరిగి వచ్చారు. 1916లో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో ముఖ పునర్నిర్మాణ విభాగాన్ని జోసెఫ్‌కు అప్పగించారు. ఇక్కడ సోకు అన్న మాటకే చోటు లేదు. ముక్కు లేని సైనికుడికి ఊపిరి దారి కట్టాలి, ముఖమూ కట్టాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే అతను ఇంటికి వెళ్లి తన పిల్లల ముందు నిలబడలేడు. 1919లో ప్రభుత్వం ఆయనకు ప్రొఫెసర్ బిరుదు ఇచ్చింది.

ఆయన వాడిన పద్ధతుల్లో ఒకదాన్ని యూరప్ వైద్యులు ఈనాటికీ భారతీయ పద్ధతి అనే అంటారు. చెంప చర్మంతో ముక్కు కట్టడం సుశ్రుత సంహితలో ఉంది. నుదుటి చర్మాన్ని తిప్పి ముక్కుగా మలచడం మన దేశంలో తరతరాలుగా సాగింది. టిప్పు సుల్తాన్‌తో జరిగిన యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న కావస్‌జీ అనే బండి తోలేవాడికి పుణే వైద్యుడు అలా ముక్కు కట్టిన సంగతి 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా అచ్చయింది. ఆ తర్వాత ఇంగ్లండులో కార్ప్యూ, బెర్లిన్‌లో గ్రేఫే దాన్ని అందుకున్నారు. గ్రేఫే 1818లో దీని మీద పుస్తకమే రాశాడు. అందుకే జోసెఫ్ కథలో మనకూ కొంత వాటా ఉందనిపించింది. ముక్కు మీద పద్యం చెప్పి ముక్కు తిమ్మన అనిపించుకున్న కవి మన తెలుగువాడే కదా!

యుద్ధం తర్వాత ఆయన సొంత క్లినిక్‌లో పనిచేశారు. బెర్లిన్ జనం ఆయనకు ముక్కుల జోసెఫ్ అని పేరు పెట్టారు. నేర్చుకోవడానికి దూరదేశాల వైద్యులు వచ్చేవారు. వారిలో గుస్తావ్ ఔఫ్రిఖ్ట్ లాంటివారు ఆ విద్యను అమెరికాకు తీసుకువెళ్లారు. ఆయన దగ్గరికి వచ్చిన రోగుల్లో యూదులు చాలామంది. ముక్కు ఆకారాన్ని బట్టి మనిషి జాతిని వేలెత్తి చూపించి ఎగతాళి చేసే కాలం అది. నలుగురిలో కలిసిపోవాలనే వారు ఆయన తలుపు తట్టారు. మాలో ఇద్దరికి ఈ భాగం మింగుడు పడలేదు. మార్చవలసింది ముక్కునా, చూసే కళ్లనా? జోసెఫ్ చేతిలో ఉన్నది కత్తి ఒక్కటే. ఎదురుగా కూర్చున్న మనిషి బాధను ఆయన ఆ కత్తితోనే తగ్గించగలిగారు.

1928 నుంచి 1931 వరకు భాగాలుగా ఆయన పెద్ద గ్రంథం వెలువడింది. ముక్కును తగ్గించడం, లేని ముక్కును కట్టడం, వంకరను సరిచేయడం అన్నీ ఒకే అట్టల మధ్య ఉన్నాయి. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక యూదు వైద్యుల మీద ఆంక్షలు మొదలయ్యాయి. 1934 ఫిబ్రవరిలో బెర్లిన్‌లోనే ఆయన గుండె ఆగిపోయింది.

విడిపోయిన రెండు దారులూ కలవడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. అమెరికాలో మారిస్ కాటల్ అనే వైద్యుడు ముందు గాలి దారి చూడాలని పట్టుబట్టాడు. దూలం వంకరగా ఉంటే పైముక్కు కూడా నిటారుగా నిలవదని క్రమంగా అందరికీ తెలిసివచ్చింది. ఇప్పుడు దూలంలోంచి తీసిన మృదులాస్థి ముక్కనే సన్నని పట్టీలుగా కోసి, ఇరుకైన సందును వెడల్పు చేయడానికీ, పైముక్కును నిలబెట్టడానికీ వాడుతున్నారు. జాక్ షీన్ అనే వైద్యుడు 1984లో చెప్పిన ఉపాయం ఇది. ఒకసారి మత్తు, ఒకసారి కట్టు, రెండు పనులు.

ఇదంతా రాసి మా మిత్రుడికి చూపించాం. వాడు చదివి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ఇంట్లో నాన్నగారికి చూపిస్తానని పట్టుకెళ్లాడు. ఆపరేషన్‌కు ఇంకా రెండేళ్లు ఆగాలి.