తన చేతి వస్త్రం

వినుకొండ పరిసరాల నల్లరేగడి నేలలు పత్తికీ మిరపకూ ప్రసిద్ధమైనవి. సీతాపహరణ వార్తను శ్రీరాముడు విన్న కొండ కనుక దానికి వినుకొండ అనే పేరు వచ్చిందని స్థలపురాణం చెబుతుంది. ఆ కొండ దిగువన చేలలో పత్తి పగిలినప్పుడు భూమి తెల్లని దుప్పటి కప్పుకొన్నట్లు కనిపిస్తుంది. అయితే ఆ దూదిని వంగి వంగి తీసే కూలీల ఒంటిమీద ఒకప్పుడు నిండైన బట్ట ఉండేది కాదు. బ్రిటిష్ పాలనా కాలంలో మన దేశపు పత్తి ఓడలెక్కి పరదేశాలకు పోయేది. అక్కడి మిల్లులలో బట్టగా మారి మరల మన అంగళ్లకు వచ్చేది. పండించినవాడే దానిని వెలపెట్టి కొనుక్కోవలసి వచ్చేది. ఈ వైపరీత్యాన్ని గుర్తించి, దానికి విరుగుడును తన చేతివేళ్లలోనే వెదకిన మహనీయుడు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. ఆయన జీవితాన్ని ఆయన ధరించిన వస్త్రాల ద్వారా కూడా చదువుకోవచ్చు.

గాంధీజీ 1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించారు. న్యాయశాస్త్రం అభ్యసించడానికి 1888లో లండను నగరానికి వెళ్లారు. పందొమ్మిదేండ్ల ఆ యువకునికి ఆంగ్లేయులతో సమానంగా కనిపించాలనే తహతహ కలిగింది. నాగరికులు దుస్తులు కుట్టించుకొనే బాండు వీధిలో పది పౌనులు వెచ్చించి ఒక సూటు కుట్టించుకొన్నారు. ఎత్తయిన టోపీ కొన్నారు. అన్నగారికి రాసి బంగారు గొలుసు తెప్పించుకొన్నారు. ప్రతిదినం అద్దం ముందు పది నిమిషాలు నిలబడి టై ముడి సరిచేసుకొనేవారు. ఆ దుస్తులలో ఆయనది కానిది ఒకటే, అది శ్రమ. కొంతకాలానికే ఆ వేషం తన చదువుకూ స్వభావానికీ తగినది కాదని ఆయన గ్రహించారు. పైసాపైసాకూ లెక్క రాసుకొంటూ నిరాడంబర జీవనానికి అలవాటుపడ్డారు. 1891లో బారిస్టరై స్వదేశానికి తిరిగి వచ్చారు.

1893లో ఒక వ్యాజ్యం నిమిత్తం ఆయన దక్షిణాఫ్రికాకు వెళ్లారు. అక్కడ సంసారం ఏర్పడిన తరువాత చాకలి ఖర్చు భారంగా తోచింది. పైగా బట్టలు సకాలంలో వచ్చేవి కావు. అప్పుడాయన బట్టలుతికే విధానాన్ని తెలిపే పుస్తకమొకటి కొని చదివి, ఆ పనిని నేర్చుకొన్నారు; భార్య కస్తూరిబాకు కూడా నేర్పారు. పని పెరిగినా దానిలోని కొత్తదనం ఆయనకు ఆనందాన్నే కలిగించింది. మొదటిసారి తానే గంజిపెట్టి ఇస్త్రీ చేసుకొన్న కాలరును ధరించి న్యాయస్థానానికి వెళ్లినప్పుడు ఒక వింత జరిగింది. గంజి ఎక్కువైంది, బట్ట కాలిపోతుందనే భయంతో ఇస్త్రీపెట్టెను తగినంత వేడిచేయలేదు. కాలరు నుండి గంజి రాలసాగింది. తోటి న్యాయవాదులు పకపక నవ్వారు. గాంధీజీ చిన్నబుచ్చుకొనలేదు. తన తొలి ప్రయత్నం నలుగురికీ నవ్వు తెప్పించినందుకు తానూ సంతోషించారు.

ప్రిటోరియాలో ఒక తెల్ల మంగలి ఆయనకు క్షౌరం చేయడానికి నిరాకరించాడు. ఆ అవమానం ఆయన మనస్సును నొప్పించింది. వెంటనే కత్తెరయంత్రం కొనుక్కొని, అద్దం ముందు నిలిచి తన జుట్టును తానే కత్తిరించుకొన్నారు. ముందువైపు కొంత బాగానే కుదిరింది గానీ వెనుకవైపు చెడిపోయింది. కోర్టులోని మిత్రులు మళ్లీ నవ్వారు. అయినా ఆయన ఆ మంగలిని నిందించలేదు. మన దేశంలో మనవారినే అస్పృశ్యులని దూరం చేస్తున్న మనకు ఇది తగిన ఫలితమేనని ఆయన భావించారు. స్వయంకృషి ఆయనలో గర్వాన్ని పెంచలేదు, ఆత్మపరిశీలనను పెంచింది.

నేర్చిన పని వృథాగా పోలేదు. 1912లో గోపాలకృష్ణ గోఖలే దక్షిణాఫ్రికాకు వచ్చారు. జొహానెస్‌బర్గు విందుకు ఆయన ధరించవలసిన ఉత్తరీయం మడతలు పడి ఉన్నది. అది తన గురుతుల్యులైన రానడే ఇచ్చిన కానుక కావడంచేత గోఖలేకు ప్రాణప్రదం. దానిని గాంధీజీ చేతికి ఇవ్వడానికి ఆయన మొదట సందేహించారు. గాంధీజీ పట్టుపట్టి, జాగ్రత్తగా ఇస్త్రీచేసి ఇచ్చారు. గురువు మెప్పు పొందిన ఆ పనికి లోకంలో మరెవరి ప్రశంసా అక్కరలేదని ఆయన తలచారు.

సత్యాగ్రహ సమరంలో కారాగారవాసం అనుభవించినప్పుడు ఆయనకు అప్పగించిన పనులలో కుట్టుపని కూడా ఒకటి. గంటల తరబడి వంగి కూర్చొని కంబళ్లు కుట్టారు. 1910లో జొహానెస్‌బర్గుకు ఇరవైయొక్క మైళ్ల దూరంలో టాల్‌స్టాయ్ క్షేత్రం వెలసింది. కాలెన్‌బాక్ అనే మిత్రుడు ఇచ్చిన 1,100 ఎకరాల ఆ భూమిలో సత్యాగ్రహుల కుటుంబాలు ఒకే కుటుంబంగా జీవించాయి. అందరూ శ్రామికులే కనుక అందరి దుస్తులూ శ్రామికుల దుస్తులే. ముతక నీలిబట్టతో చేసిన ఆ షరాయిలకూ చొక్కాలకూ ఖైదీల ఉడుపులే నమూనా. కుట్టుపని బాధ్యతను అక్కడి స్త్రీలు స్వీకరించారు. కాలెన్‌బాక్ ఒక క్రైస్తవ మఠంలో చెప్పులు కుట్టడం నేర్చుకొని వచ్చి గాంధీజీకి నేర్పాడు. ఆ విధంగా తయారైన చెప్పుల జతను, తనను చెరసాలకు పంపిన జనరల్ స్మట్స్‌కు గాంధీజీ 1914లో కానుకగా పంపారు. స్మట్స్ వాటిని ఎన్నో వేసవులు ధరించాడు. అంతటి మహనీయుని పాదరక్షలలో నిలువదగినవాడను కానేమోనని ఉత్తరకాలంలో సవినయంగా ఒప్పుకొన్నాడు.

1915 జనవరిలో గాంధీజీ స్వదేశానికి చేరారు. ఆశ్చర్యకరమైన విషయమేమంటే, చేనేతయే దేశ దారిద్ర్యానికి మందు అని 1909లోనే ‘హింద్ స్వరాజ్’లో సూచించిన ఆయన అప్పటికి రాట్నాన్ని కంటితో చూడలేదు. అహమ్మదాబాదు ఆశ్రమంలో మగ్గాలు నెలకొల్పారు. అయితే నూలు మాత్రం మిల్లుల నుండి తెచ్చుకోవలసి వచ్చింది. నేత నేర్చినా నూలుకోసం పరాధీనులుగానే మిగిలామన్న బాధ ఆయనను వేధించింది. అప్పుడు గంగాబెన్ మజుందార్ అనే ధైర్యశాలియైన వితంతువు ఊరూరా గాలించి, బరోడా సంస్థానంలోని విజాపురంలో అటకలెక్కిన రాట్నాలను కనుగొన్నది. ఏకులు అందిస్తే వడుకుతామని అక్కడి స్త్రీలు ముందుకు వచ్చారు. ఆశ్రమంలో మగన్‌లాల్ గాంధీ రాట్నానికి మెరుగులు దిద్దారు.

ఆశ్రమంలో తయారైన తొలి ఖద్దరు గజానికి పదిహేడు అణాలు పడింది. వెడల్పు ముప్పై అంగుళాలే. గాంధీజీ కట్టుకొన్న పంచె అప్పటికింకా మిల్లుబట్టయే. నెలలోగా నలభైయైదు అంగుళాల వెడల్పుగల ఖద్దరు పంచె సమకూర్చకపోతే, ఆ పొట్టిపంచెనే కట్టుకొంటానని గంగాబెన్‌కు గడువు పెట్టారు. గడువులోపలే ఆమె రెండు పంచెలు పంపింది. బాండు వీధి సూటు కుట్టించుకొన్ననాడు కలగని తృప్తిని ఆ ముతక పంచెలు ఆయనకు కలిగించాయి. అందులోని ప్రతి పోగు వెనుక ఆయనకు తెలిసిన చేతులు ఉన్నాయి.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైంది. కోటి రూపాయల నిధి, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అనే లక్ష్యాలను ఆ సభ నిర్దేశించింది. పింగళి వెంకయ్య గాంధీజీకి పతాకాన్ని సమర్పించినది కూడా అప్పుడే. ఆ పతాకంలో రాట్నానికి స్థానం లభించింది. గుంటూరు సీమలో చీరాల, పెదనందిపాడు, పల్నాడు ప్రాంతాలు ఆ ఏడాది ఉద్యమ కేంద్రాలైనాయి. దేశమంతటా విదేశీ వస్త్రాలు మంటలలో కాలిపోయాయి.

అయితే కాల్చినంత సులభంగా కొత్తబట్ట దొరకదు. ఖద్దరు కొనే శక్తి తమకు లేదని పేదలు గాంధీజీతో మొరపెట్టుకొన్నారు. ఆ మాట ఆయన హృదయాన్ని కలచివేసింది. తాను టోపీ, చొక్కా, నిండు పంచె ధరించి, బట్ట లేనివారిని విదేశీ వస్త్రం విడువమనడం న్యాయం కాదనిపించింది. 1921 సెప్టెంబరు 22న మధురలో ఆయన చొక్కానూ పెద్దపంచెనూ విసర్జించి కొల్లాయి కట్టారు. కొద్దికాలానికని తలపెట్టిన ఆ వ్రతం జీవితాంతం నిలిచింది. 1931లో ఇంగ్లాండు రాజమందిరానికి సైతం ఆయన ఆ వేషంతోనే వెళ్లారు. స్వదేశీ ఉద్యమంవల్ల ఉపాధికి దెబ్బ తగిలిన లాంకషైరు మిల్లు కార్మికుల మధ్యకు వెళ్లి, భారతదేశపు పేదరికాన్ని వివరించారు. వారు ఆయనను ఆదరంతో స్వాగతించారు.

రాట్నాన్ని విమర్శించినవారు లేకపోలేదు. విశ్వకవి రవీంద్రుడు 1925లో దాని ఆరాధనను తప్పుపట్టారు. అందరిచేతా ఒకే పని చేయించడం మనస్సులను జడం చేస్తుందని ఆయన శంకించారు. గాంధీజీ ఆ విమర్శను గౌరవిస్తూనే, పనిలేని నెలలలో పస్తులుండే రైతు కుటుంబానికి రాట్నం అన్నం పెట్టగలదని సమాధానమిచ్చారు. ఆయన యంత్రద్వేషి అనడం కూడా సరికాదు. కుట్టుమిషను మానవునికి మేలుచేసే యంత్రాలలో ఒకటని ఆయన 1924లో మెచ్చుకొన్నారు. భార్య పడే కుట్టుశ్రమను చూడలేక సింగర్ దానిని రూపొందించాడని భావించి, దాని పుట్టుకలో ప్రేమను చూశారు. మనిషికి తోడుపడే యంత్రం ఆయనకు మిత్రమే. మనిషి చేతిపనిని కాజేసే యంత్రమే ఆయనకు సమ్మతం కాదు. 1925లో అఖిల భారత చరఖా సంఘం స్థాపించారు. 1929లో ఖద్దరు నిధికై ఆంధ్రదేశమంతటా పర్యటించారు.

రైలులో ఉన్నా, చెరసాలలో ఉన్నా ఆయన నిత్యం నూలు వడికేవారు. ఎరవాడ జైలులో చిన్న పెట్టెలో ఇమిడే రాట్నం రూపొందింది. కదురు తిరుగుతున్నంతసేపూ ఆయన మనస్సు నిశ్చలంగా ఉండేది. ఆ పనిని ఆయన యజ్ఞంగా భావించారు.

1942లో గాంధీజీనీ కస్తూరిబానూ పూనాలోని ఆగాఖాన్ భవనంలో నిర్బంధించారు. 1944 ఫిబ్రవరి 22న కస్తూరిబా అక్కడే కన్నుమూసింది. భర్త వడికిన నూలుతో నేసిన చీరను ఆమె తన అంత్యయాత్రకై దాచుకొన్నది. ఆ చీరతోనే ఆమెను చితిపై ఉంచారు. ఒకనాడు దక్షిణాఫ్రికాలో ఆమెకు బట్టలుతకడం నేర్పిన భర్త, అరువదియేండ్లకు పైబడిన సాహచర్యం తరువాత ఇచ్చిన కడపటి కానుక అది. ఏ పట్టుచీరా దానికి సాటిరాదు. 1947లో బ్రిటిష్ రాకుమారి ఎలిజబెత్ వివాహానికి కూడా ఆయన తాను వడికిన నూలుతో అల్లిన వస్త్రాన్నే పంపారు. నిరుపేదకూ రాకుమారికీ ఇవ్వదగిన కానుక ఆయన దగ్గర ఒక్కటే.

1948 జనవరి 30న గాంధీజీ హత్యకు గురయ్యారు. వినుకొండలో జన్మించిన మహాకవి గుర్రం జాషువ ఆ శోకాన్ని ‘బాపూజీ’ అనే కావ్యంగా మలిచారు. అస్పృశ్యతవల్ల అవమానాలెన్నో అనుభవించిన ఆ కవికి, తన మురికిని తానే ఉతుక్కొని, తన బట్టకు తానే నూలు వడికిన నాయకుడు ఆత్మీయుడు కావడం సహజమే.

నేడు వినుకొండ ప్రాంతం పల్నాడు జిల్లాలో ఉన్నది. అక్కడి చేలలో పత్తి ఇప్పటికీ తెల్లగా పగులుతున్నది. బట్టలు మాత్రం అంగడిలో సిద్ధంగా దొరుకుతున్నాయి. అందరూ రాట్నం పట్టవలసిన అవసరం నేడు లేకపోవచ్చు. అయినా ఊడిన గుండీని తానే కుట్టుకొన్న విద్యార్థికి, తన రవికను తానే కత్తిరించి కుట్టుకొన్న బాలికకు ఆ వస్త్రంపై కలిగే మమకారం వేరు. కుట్టు కొంచెం వంకరపోయినా అది సిగ్గుపడవలసిన విషయం కాదు. గంజి రాలిన కాలరుతో న్యాయస్థానంలో నిలబడి నవ్వగలిగిన గాంధీజీ జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.