తిరిగి రానివాటిని లెక్కించిన మేధావి – అబ్రహాం వాల్డ్

ఆట అనగానే మనకు కాలేజీ గ్రౌండు, పేకముక్కలు, సంక్రాంతి కోడిపందేలు గుర్తుకొస్తాయి. ఆటను శాస్త్రంగా చదువుతారంటే మా గణపవరంలో ఎవరూ నమ్మరు. కాని గణితంలో ఆటల సిద్ధాంతమని ఒక శాఖ వున్నది. దానికి ఏ పుస్తకాలు చదవాలని జూనియర్ మిత్రులు అడుగుతుంటారు. పుస్తకాల పేర్లకు ముందు ఒక మనిషి కథ చెబుతాను. ఆయనే అబ్రహాం వాల్డ్.

వాల్డ్ 1902 అక్టోబరు 31న అప్పటి హంగరీలోని కొలోజ్వార్ పట్టణంలో, నిష్ఠగల యూదు కుటుంబంలో జన్మించాడు. ఆ ఊరిప్పుడు రుమేనియాలో వుంది. శనివారం బడికి పోవడం మతాచారానికి విరుద్ధం గనుక చిన్నతనంలో చదువంతా ఇంటి దగ్గరే సాగింది. తరువాత వియన్నా చేరి, కార్ల్ మెంగర్ శిష్యుడై 1931లో డాక్టరేట్ పొందాడు. పట్టా వచ్చింది గాని, యూదుడైనందున విశ్వవిద్యాలయంలో ఉద్యోగం రాలేదు. ట్యూషన్లు చెప్పుకుంటూ కాలం గడిపాడు. ఆయన దగ్గర గణితం నేర్చుకున్న వారిలో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ అనే ఆర్థికవేత్త ఒకడు. ఈ మోర్గెన్‌స్టెర్నే తరువాత జాన్ వాన్ నాయ్‌మన్‌తో కలిసి 1944లో ఆటల సిద్ధాంతానికి మూలగ్రంథం రాశాడు.

1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. వాల్డ్ అమెరికా వెళ్ళిపోయి ప్రాణం దక్కించుకున్నాడు. వెనక వుండిపోయిన కుటుంబంలో ఒక సోదరుడు తప్ప దాదాపు అందరూ నాజీల చేతిలో బలైపోయారు.

కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన యుద్ధకాలపు గణాంక బృందంలో పనిచేశాడు. తూటాలు తగిలి తిరిగొచ్చిన విమానాలను చూసి, విమానంలో ఏ భాగం బలహీనమో లెక్కగట్టాలి. రంధ్రాలు ఎక్కువున్న చోటే బలహీనమని ఎవరికైనా తోస్తుంది. వాల్డ్ 1943లో చేసిన లెక్క వేరు. మనం చూస్తున్నవి తిరిగొచ్చిన విమానాలు మాత్రమే. ఇంజనుకు దెబ్బ తగిలినవి రాలేదు, అందుకే వచ్చినవాటి ఇంజన్ల మీద దెబ్బలు తక్కువ. రానివాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక ఆటల సంగతి. చిన్నప్పుడు గుప్పిట్లో చింతపిక్క దాచి ఏ చేతిలో వుందో చెప్పమనే ఆట అందరం ఆడినదే. ఎప్పుడూ కుడిచేతిలోనే దాస్తే అవతలివాడు పట్టేస్తాడు. ఏ చేతిలో దాచాలన్నది బొమ్మా బొరుసుకు వదిలేస్తే, వాడు ఎంత తెలివైనవాడైనా సగంసార్లు మించి గెలవలేడు. ఇద్దరాడే ఆటలో ఒకడి లాభం రెండోవాడి నష్టమైతే, నష్టానికి ఇలా ఒక హద్దు గీయవచ్చునని వాన్ నాయ్‌మన్ 1928లో నిరూపించాడు. వాల్డ్ దాన్ని ముందుకు తీసికెళ్ళి, తెలియని పరిస్థితిలో నిర్ణయం తీసుకునేవాడు ప్రకృతితో ఆట ఆడుతున్నట్టే అన్నాడు. ప్రకృతి గుప్పిట్లో ఏముందో మనకు తెలియదు. కనుక ఎంత చెడ్డ పరిస్థితి వచ్చినా నష్టం అతి తక్కువగా వుండే దారి ఎంచుకోమన్నాడు. ఈ ఆలోచనే 1950లో వచ్చిన ఆయన గ్రంథానికి ప్రాణం. ప్రకృతికి మనమీద పగేమీ లేదు గదా, అంత భయమెందుకని విమర్శలూ వచ్చాయి. నిజమే. కాని అప్పు చేసి ఆడేవాడికి ఆ భయం అవసరమే.

మా కొల్లేటి ప్రాంతంలో యీ ఆట ఇంటింటా నడుస్తోంది. వరి వేయాలా, చెరువు తవ్వాలా? రొయ్యల మీద మేడ కట్టినవాళ్ళు కళ్ళెదుట కనబడతారు. 1990ల మధ్యలో తెల్లమచ్చల వ్యాధికి కోస్తాలో చెరువులు పోగొట్టుకున్నవాళ్ళు, 2006లో కొల్లేరు అభయారణ్యంలో గట్లు కొట్టేసినప్పుడు పెట్టుబడి నీళ్ళపాలైనవాళ్ళు అరుగుల మీద కూర్చుని కబుర్లు చెప్పరు. మాకున్న రెండెకరాల సంగతీ ఇంకా తేలలేదు. అయితే ఎవరికెంత మిగిలిందని అడగడం మానేశాం. ఎవరు మునిగారు, ఎంత పోతే మనం తట్టుకోగలం అని అడుగుతున్నాం. కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద ర్యాంకుల ఫోటోలు చూసే మిత్రులు కూడా, ఆ ఫ్లెక్సీకి ఎక్కనివాళ్ళెందరో ఒకసారి ఆలోచించాలి.

గణాంకశాస్త్ర విద్యార్థులకు వాల్డ్ పరీక్ష తెలిసిందే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు గారు 1948లో ఇచ్చిన స్కోర్ పరీక్షను నేటికీ దాని పక్కనే చెబుతారు.

1950లో భారత ప్రభుత్వ ఆహ్వానం మీద వాల్డ్ ఉపన్యాసాలివ్వడానికి మన దేశం వచ్చాడు. డిసెంబరు 13న ఆయన, భార్య ప్రయాణిస్తున్న విమానం నీలగిరి కొండల్లో కూలిపోయింది. ఇద్దరూ మరణించారు. పిల్లలిద్దరూ అమెరికాలో మిగిలారు. అప్పటికి ఆయన వయస్సు 48 ఏళ్ళు.

ఇక పుస్తకాలు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు, జె.డి. విలియమ్స్ రాసిన 'ద కంప్లీట్ స్ట్రాటజిస్ట్' (1954)తో మొదలుపెట్టండి, నవ్వుకుంటూ చదవవచ్చు. తరువాత లూస్, రైఫాల 'గేమ్స్ అండ్ డెసిషన్స్' (1957). ఓపిక వుంటే వాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్‌ల మూలగ్రంథం. వాల్డ్ 'స్టాటిస్టికల్ డెసిషన్ ఫంక్షన్స్' గట్టి గణితం వచ్చాకే పట్టండి.

మిత్రులారా, చదువు ముగించి రేపు మనమంతా ఏదో ఒక పందెం కాయవలసినవాళ్ళమే. గెలిచినవాళ్ళను చూసి మాత్రమే పందెం కాయవద్దు.