రామనగరు నాయకుడు

ఎడింబరోలో ఎం.ఏ. చదివివచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యకు కొలువు దొరకకపోదు. ఆయన కాషాయము తాల్చి రామదండును కూర్చెను. చీరాల–పేరాలలను పురపాలక సంఘము చేసి ప్రభుత్వము పన్నులు పెంచగా, 1921లో సుమారు 13,000 మంది ఆయన మాటపై ఇండ్లు విడిచి ఊరి వెలుపల పాకలు వేసికొనిరి. అదియే రామనగరు. ఒకరిచేత పన్ను మాన్పించుట తేలిక. ఇల్లు విడిపించుట తేలికయా? బెదరింపు లేదు, ధనాశ లేదు. పాట, పద్యము, చమత్కారము, వానితోపాటు తానును కష్టమున పాలుగొనుట, ఇవియే ఆయన సాధనములు. జనులు 11 నెలలు ఎండవానల కోర్చిరి.

నడుమ బరంపురమున ఆయనను నిర్బంధించి, ఏడాది చెరసాల విధించిరి. నాయకుడు లేని రామనగరు తుదకు చెదరెను. జనులు ఇండ్లకు మరలిరి. తనవంటి మరియొకని ఆయన సిద్ధపరుపలేదని కొందరందురు. ఆ మాట కొంత నిజమే. కాని ప్రభుత్వ మాయనకు వ్యవధి యిచ్చినదా? క్షయవ్యాధితో 1928లో, నలువదేండ్లైనను నిండకయే, ఆయన కన్నుమూసెను.