కూలి ఎవరి చేతికి? - ఫ్రెడరిక్ డగ్లస్ జీవితం

జీతానికి చేసే పని కూడా బానిసత్వమేనా? ఈ ప్రశ్న మీద హాస్టల్లో మేము చాలాసార్లు వాదించుకున్నాం. ఆ రెండింటినీ అనుభవించిన మహనీయుడు ఫ్రెడరిక్ డగ్లస్ జీవితం చదివాక మాకు ఒక దారి దొరికింది.

ఆయన 1818లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో బానిసగా పుట్టారు. పసితనంలోనే తల్లికి దూరం చేశారు. బాల్టిమోర్ నగరంలో యజమానురాలు అక్షరాలు నేర్పుతుంటే ఆమె భర్త మాన్పించాడు. అయినా ఆయన వీధిలోని తెల్ల పిల్లలకు రొట్టె ముక్కలిచ్చి చదువు నేర్చుకున్నారు.

పెద్దయ్యాక ఓడల పలకల సందులు పూడ్చే పనిలో కుదిరారు. రోజుకు ఒకటిన్నర డాలర్ల కూలి వచ్చేది. శనివారం రాగానే ఆ డబ్బంతా యజమానికి అప్పగించాల్సిందే. చెమట ఒకరిది, కూలి మరొకరిది.

1838 సెప్టెంబరు 3న నావికుని వేషంలో తప్పించుకుని, తర్వాత న్యూ బెడ్‌ఫర్డ్ చేరారు. అక్కడ తెల్ల కార్మికులు ఆయన పక్కన పనిచేయమన్నారు. రెండు డాలర్ల పని పోయింది. ఒక డాలరు కూలికి కట్టెలు కోశారు, బొగ్గు ఎత్తారు. అయినా ఆ కూలి తన చేతిలోనే పడినందుకు పొంగిపోయారు. పేదవాడిని ఎవరూ అమ్మలేరు కనుక పేదరికం వేరు, బానిసత్వం వేరు అని ఆ రోజుల్లో వాదించారు.

1865లో బానిసత్వం రద్దయింది. కానీ నల్లవారికి భూమి దక్కలేదు. భూస్వాములు కూలికి బదులు తమ కొట్లలోనే చెల్లే చీటీలు ఇచ్చారు. అప్పు తీరేది కాదు, ఊరు విడిచే వీలుండేది కాదు. ఇది చూసిన డగ్లస్, కూలి పేరుతో కూడా దాదాపు బానిసత్వమంత దాస్యం ఉండగలదని 1883లో చెప్పారు. 1895 ఫిబ్రవరి 20న కన్నుమూశారు.

మన దేశంలో 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. అయినా మాలో కొందరి అమ్మానాన్నలు అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీలకు వెళ్తారు. అది తీరేదాకా తిరిగి రాలేరు. అందుకే మాకు అనిపించింది ఇది: ప్రతి ఉద్యోగాన్నీ బానిసత్వం అనడం నిజమైన బానిసల బాధను చిన్నది చేయడమే. అలాగని కూలి ఇస్తున్నారు కదా అని ప్రతి పనీ స్వేచ్ఛ కాదు. కూలి మన చేతికి వస్తోందా? వద్దనుకుంటే మానుకోగలమా? రేపు మేము పనికి వెళ్లినా, నలుగురికి పని ఇచ్చినా ఈ రెండు ప్రశ్నలు మరువం.