బఠాణీ ప్యాకెట్ వెనక ఓ డ్రాపౌట్

సూపర్‌మార్కెట్ ఫ్రీజర్‌లో పచ్చి బఠాణీల ప్యాకెట్ మీరు చూసే ఉంటారు. నెలల తర్వాత వండినా అప్పుడే ఒలిచినట్టుంటాయి. అదే ఇంట్లో బీన్స్ తరిగి కవర్లో కట్టి ఫ్రీజర్‌లో పడేస్తే, కొన్ని వారాలకే రంగు పోయి, కూరలో మెత్తగా నీరు కారతాయి. తేడా ఎక్కడుంది? ఈ ప్రశ్న వెంట ఏళ్ల తరబడి పడ్డ మనిషి క్లారెన్స్ బర్డ్స్‌ఐ. ఆయన దగ్గర డిగ్రీ లేదు.

1886లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో చేరారు కానీ, ఇంట్లో డబ్బుకి కటకట రావడంతో చదువు మధ్యలోనే ఆపేశారు. అమెరికా వ్యవసాయ శాఖలో దొరికిన ఫీల్డ్ ఉద్యోగం చేశారు. 1912లో నక్కల బొచ్చు చర్మాల వ్యాపారం కోసం ఇప్పటి కెనడాలోని లాబ్రడార్‌కు వెళ్లారు.

అక్కడి ఇన్యూట్ ప్రజలు పట్టిన చేపలు ఆ చలిగాలికి కాసేపట్లోనే రాయిలా గట్టిపడేవి. ఎన్నాళ్లకు వండినా తాజాగానే ఉండేవి. ఇది ఇన్యూట్‌లకు తరతరాలుగా తెలిసిన సంగతే. బర్డ్స్‌ఐ కనిపెట్టింది కాదు. ఆయన చేసిందల్లా ఎందుకిలా అని తరచి చూడటం. నెమ్మదిగా గడ్డకడితే లోపలి నీరు పెద్ద పెద్ద మంచు స్ఫటికాలుగా మారి కణాలను చీల్చేస్తుంది. వేగంగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవి, నష్టం తక్కువ. అంటే అసలు కిటుకు చలిలో కాదు, వేగంలో ఉంది.

తిరిగొచ్చాక 1923లో న్యూయార్క్‌లో చేపల కంపెనీ పెట్టారు. ఏడాది తిరిగేసరికి దివాలా. గడ్డకట్టిన చేప అంటేనే జనం మొహం తిప్పుకునే రోజులవి. భార్యాపిల్లలున్న మనిషికి అది మామూలు దెబ్బ కాదు. అయినా 1924లో భాగస్వాములతో కలిసి మసాచుసెట్స్‌లోని గ్లౌసెస్టర్‌లో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఆహారాన్ని పలచటి అట్టపెట్టెల్లో సర్ది, బాగా చల్లబరిచిన రెండు లోహపు పలకల మధ్య అదిమారు. పైనుంచీ కిందినుంచీ ఒకేసారి చలి తగిలి సరుకు త్వరగా గట్టిపడింది.

కూరగాయల దగ్గర ఇంకో చిక్కు ఉంది. పచ్చివి అలాగే గడ్డకట్టిస్తే వాటిలోని ఎంజైములు మెల్లగా పనిచేస్తూ రంగు, రుచి చెడగొడతాయి. అందుకే ముందు కాసేపు మరిగే నీళ్లలో వేసి తీయాలి. దీన్నే బ్లాంచింగ్ అంటారు.

1929లో కంపెనీని, పేటెంట్లను 2.2 కోట్ల డాలర్లకు అమ్మేశారు. 1930 మార్చి 6న స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో ఆ ప్యాకెట్లు అమ్మకానికొచ్చాయి. అయితే కొట్లలో ఫ్రీజర్లేవీ? వాటిని అద్దెకిచ్చే ఏర్పాటు, చల్లటి రైలుపెట్టెలు వచ్చాకే వ్యాపారం నిలదొక్కుకుంది. బర్డ్స్‌ఐ మాత్రం ఊరుకోలేదు. చివరి ఏళ్లలో పెరూ వెళ్లి చెరకు పిప్పి నుంచి కాగితం గుజ్జు తీసే పని మీద కూర్చున్నారు. 1956లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు మీ వంటింటికొద్దాం. బఠాణీలను మరిగే నీళ్లలో ఒకటిన్నర నిమిషం, బీన్స్‌ను 3 నిమిషాలు ఉంచండి. వెంటనే ఐస్ నీళ్లలో అంతే సేపు వేసి, తడి లేకుండా ఆరబెట్టండి. పళ్లెంలో పలచగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి, కుప్పగా పోస్తే నెమ్మదిగా గడ్డకడతాయి. గట్టిపడ్డాక గాలి తీసేసి కవర్లో కట్టి, మైనస్ 18 డిగ్రీల్లో దాచుకోండి. కరగబెట్టకుండా నేరుగా బాణలిలో వేసేయండి. రూమ్‌లో వండుకుంటూ పోటీ పరీక్షలకి చదివేవాళ్లకి రోజూ ఓ అరగంట మిగులుతుంది.

ఈ కథ చదివి డిగ్రీ ఆపేయమని కాదు. ఆయనకది గతిలేక జరిగింది. మీరు పట్టుకోవాల్సింది వేరే ఉంది. పైన చెప్పిన ప్రతి స్టెప్పూ ఎక్కడో ఏదో చెడిపోతే, ఎందుకు చెడిందో వెతికితే దొరికిన జవాబే. రేపు ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగితే, ఏ టూల్స్ వాడారో చెప్పి ఆగిపోకండి. ఎక్కడ చెడింది, ఎందుకు చెడింది, మీరేం మార్చారు అన్నదీ చెప్పండి.