అయిదు ఓట్ల ఆధిక్యం: సెంట్రల్ ఫిన్స్‌బరీ సభ్యుడు దాదాభాయి నౌరోజీ

(సెప్టెంబరు 4 దాదాభాయి నౌరోజీ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

భారత జాతీయోద్యమ పితామహునిగా ప్రసిద్ధి చెందిన దాదాభాయి నౌరోజీ 1825 సెప్టెంబరు 4న పేద పార్సీ పురోహిత కుటుంబంలో జన్మించారు. నాలుగేళ్ల ప్రాయంలోనే తండ్రిని కోల్పోగా తల్లి మాణెక్‌బాయి ఆయనను పెంచి చదివించారు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో గణితాచార్య పదవిని అధిష్ఠించిన తొలి భారతీయుడు ఆయనే. 1855లో వర్తక సంస్థ భాగస్వామిగా ఇంగ్లండు వెళ్లారు. 1866లో లండన్‌లో ఈస్ట్ ఇండియా అసోసియేషన్ స్థాపించారు. భారతదేశ సంపద బ్రిటన్‌కు తరలిపోతున్న తీరును లెక్కలతో నిరూపించారు. ఇవన్నీ పాఠ్యపుస్తకాలలో ఉన్న విషయాలే. ఆయనను బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన నియోజకవర్గం చరిత్ర మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

లండన్ నగర మధ్యభాగంలోని ఫిన్స్‌బరీకి 1832 సంస్కరణల చట్టం ఇద్దరు సభ్యులను ఎన్నుకునే హక్కు కల్పించింది. ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్ స్థాపకుడు థామస్ వాక్లీ, 1842లో చార్టిస్టుల మహావిజ్ఞాపనను సభకు సమర్పించిన థామస్ డంకూంబ్ ఇక్కడి ప్రతినిధులే. 1885లో ఈ విశాల నియోజకవర్గాన్ని ఏకసభ్య స్థానాలుగా విభజించారు. వాటిలో సెంట్రల్ ఫిన్స్‌బరీ ఒకటి. గడియారాలు, నగలు తయారుచేసే చేతిపనివారికి, ముద్రణ కార్మికులకు నిలయమైన క్లార్కెన్‌వెల్ దీని కేంద్రం. 1885లో ఈ స్థానం లిబరల్ పార్టీకి దక్కింది. ఐర్లండు స్వపరిపాలన ప్రశ్నపై ఆ పార్టీ చీలిపోగా 1886లో కన్సర్వేటివ్ అభ్యర్థి కెప్టెన్ ఫ్రెడరిక్ పెంటన్ దానిని స్వల్ప తేడాతో గెలుచుకున్నారు. ఏ పక్షానికీ స్థిరంగా నిలవని స్థానం ఇది.

అదే 1886లో దాదాభాయి పొరుగున ఉన్న హోబర్న్ నుంచి లిబరల్ అభ్యర్థిగా పోటీచేసి పరాజితులయ్యారు. 1888లో ఎడిన్‌బరో సభలో ప్రధానమంత్రి లార్డ్ సాలిస్‌బరీ ఆ ఓటమిని ప్రస్తావిస్తూ, ఒక నల్లవానిని ఎన్నుకునే స్థితికి ఆంగ్ల నియోజకవర్గం ఇంకా చేరలేదనే భావం వచ్చేలా మాట్లాడారు. ఆ మాటలపై బ్రిటన్‌లోనే తీవ్ర నిరసన వ్యక్తమైంది. దాదాభాయి పేరు దేశమంతటా మారుమోగింది. అయితే సెంట్రల్ ఫిన్స్‌బరీలో ఆయనకు ఎదురైన అసలు కష్టం సొంత పార్టీలోనిది. స్థానిక లిబరల్ సంఘంలో ఒక వర్గం ఆయన అభ్యర్థిత్వాన్ని అంగీకరించక మరొకరిని బలపరిచింది. 1892 వరకు ఈ వివాదం సాగింది. ఆ కాలమంతా దాదాభాయి కార్మిక సంఘాలను, క్లబ్బులను ఆశ్రయించి ఓపికగా మద్దతు కూడగట్టుకున్నారు. ఐర్లండు స్వపరిపాలనను, స్త్రీల ఓటు హక్కును సమర్థించారు. ఓటు లేని స్త్రీలలో ఫ్లారెన్స్ నైటింగేల్ వంటివారు ఆయన గెలుపును ఆకాంక్షించారు.

1892 జులై ఎన్నికలలో దాదాభాయికి 2,961, పెంటన్‌కు 2,956 ఓట్లు లభించాయి. తొలి లెక్కింపులో మూడు ఓట్లుగా ఉన్న ఆధిక్యం మరుసటి లెక్కింపులో అయిదుకు పెరిగింది. పెంటన్ ఎన్నికల పిటిషన్ దాఖలు చేసినా దాదాభాయి సభ్యత్వం నిలిచింది. ఆయన అవెస్తా గ్రంథం సాక్షిగా ప్రమాణం చేశారు. భారత సంతతికి చెందిన తొలి సభ్యుడు ఆయనేనని తరచుగా రాస్తుంటారు. 1841లో సడ్‌బరీ నుంచి ఎన్నికైన మిశ్రమ వంశీయుడు డైస్ సోంబ్రే ఎన్నిక అక్రమాల కారణంగా రద్దయిన సంగతి పాత్రికేయులు గమనించదగినది.

సివిల్ సర్వీసు పరీక్షలను ఇంగ్లండులోనూ భారతదేశంలోనూ ఏకకాలంలో జరపాలన్న తీర్మానాన్ని 1893 జూన్‌లో హెర్బర్ట్ పాల్ ప్రతిపాదించగా దాదాభాయి బలపరిచారు. 76కు వ్యతిరేకంగా 84 ఓట్లతో సభ దానిని ఆమోదించింది. ప్రభుత్వం మాత్రం అమలుచేయలేదు. అలా లండన్ నగరవాసులు గెలిపించిన ఒక సభ్యుడు, ఓటు లేని కోట్లాది భారతీయుల ఫిర్యాదులను సభ రికార్డులకు ఎక్కించగలిగారు. 1893 చివర స్వదేశం వచ్చి లాహోర్ కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. భారత వ్యయంపై 1895లో ఏర్పడిన వెల్బీ రాయల్ కమిషన్‌లో సభ్యులుగా ఉంటూనే ఆ కమిషన్ ఎదుట సాక్ష్యమూ ఇచ్చారు.

1895 ఎన్నికలలో ఆయన ఓడిపోయారు. దీనిని వ్యక్తిగత తిరస్కారంగా భావించడం సరికాదు. ఆ ఏడాది దేశమంతటా లిబరల్ పార్టీ దెబ్బతిన్నది. అయిదు ఓట్లతో దక్కిన స్థానం ఆ గాలికి నిలవడం దుస్సాధ్యం. అదే ఎన్నికలో మరో పార్సీ, మంచర్జీ భావ్‌నగ్రీ, కన్సర్వేటివ్ అభ్యర్థిగా లండన్‌లోని బెత్నల్ గ్రీన్ నుంచి గెలుపొందడం గమనార్హం. 1906లో నార్త్ లాంబెత్ నుంచి దాదాభాయి చేసిన ప్రయత్నం కూడా ఫలించలేదు. ఆ డిసెంబరులోనే కలకత్తా కాంగ్రెసు అధ్యక్ష పీఠం నుంచి ఆయన స్వరాజ్య లక్ష్యాన్ని ప్రకటించారు.

దాదాభాయి 1917 జూన్ 30న కన్నుమూశారు. నియోజకవర్గాల పునర్విభజనతో 1918లో సెంట్రల్ ఫిన్స్‌బరీ స్థానం రద్దయింది. ఆ ప్రాంతం ప్రస్తుతం ఇస్లింగ్టన్ సౌత్ అండ్ ఫిన్స్‌బరీ నియోజకవర్గంలో ఉంది. అక్కడ ఒక వీధికి నౌరోజీ పేరు పెట్టారు.