వాల్టర్ ఓవెన్ బెంట్లీ

వాల్టర్ ఓవెన్ బెంట్లీ (సెప్టెంబరు 16, 1888 - ఆగష్టు 13, 1971) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ మోటారు ఇంజనీరు, బెంట్లీ మోటార్స్ సంస్థ స్థాపకుడు. ఈయన డబ్ల్యు.ఓ. అనే పొడి అక్షరాలతోనే ప్రసిద్ధుడు. ఫ్రాన్సులో జరిగే ల మాన్ 24 గంటల పందెమును ఈయన కార్లు 5 సార్లు గెలిచాయి. ఈ విజయాలకు వేగముకంటే ఇంజను మన్నికే ఎక్కువ కారణము. పిస్టనుకు, సిలిండరుకు మధ్య పుట్టే వేడిని, దానివలన కలిగే అరుగుదలను తగ్గించడానికి ఈయన చేసిన కృషి కారుల తయారీకంటే ముందే, మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాలలో, ఫలించింది.

బాల్యము, శిక్షణ

బెంట్లీ లండనులోని హాంప్‌స్టెడ్‌లో తొమ్మిదిమంది సంతానములో చివరివాడిగా జన్మించాడు. క్లిఫ్టన్ కళాశాలలో చదివి, 16వ యేట డాంకాస్టరులోని గ్రేట్ నార్తర్న్ రైల్వే కర్మాగారములో అప్రెంటిసుగా చేరాడు. పోతపని మొదలు రైలింజనులో బొగ్గు వేయడం వరకు అన్నీ అక్కడే నేర్చాడు. తరువాత లండనులో ఒక టాక్సీ కంపెనీలో కొంతకాలము పనిచేసి, 1912లో సోదరుడు హెచ్.ఎం. బెంట్లీతో కలసి డి.ఎఫ్.పి. అనే ఫ్రెంచి కార్లను అమ్మే వ్యాపారము చేపట్టాడు.

అల్యూమినియము పిస్టను

1913లో డి.ఎఫ్.పి. కర్మాగారమునకు వెళ్ళినపుడు అక్కడ కాగితాలపై బరువుగా ఉంచిన ఒక చిన్న వస్తువు బెంట్లీ దృష్టిని ఆకర్షించింది. అది అల్యూమినియముతో చేసిన పిస్టను నమూనా. ఆ రోజులలో పిస్టనులను పోత ఇనుముతోనో, ఉక్కుతోనో చేసేవారు. ఇనుప పిస్టను బరువైనది. వేడిని త్వరగా సిలిండరు గోడకు అందించలేదు గనుక దాని తల విపరీతంగా కాగి, కందెన నూనె మాడి, రింగులు పట్టుకుపోయేవి. అల్యూమినియము తేలిక, వేడిని త్వరగా తీసుకుపోతుంది. అయితే అది ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. మంటకు కరిగిపోతుందని, పగిలిపోతుందని ఇంజనీర్లు భయపడేవారు. బెంట్లీ 88 శాతము అల్యూమినియము, 12 శాతము రాగి గల మిశ్రలోహముతో పిస్టనులు పోయించి, తన కారుకు అమర్చి, బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై రికార్డులు నెలకొల్పాడు.

యుద్ధకాలము - సిలిండరు సమస్య

యుద్ధము రాగానే బెంట్లీ ఈ రహస్యాన్ని నౌకాదళ అధికారులకు తెలియజేశాడు. వారి ఆదేశంపై రోల్స్ రాయిస్, సన్‌బీమ్ సంస్థలకు వివరించగా, రోల్స్ రాయిస్ వారి ఈగిల్ విమాన ఇంజనులో అల్యూమినియము పిస్టనులు వాడారు.

అప్పటి యుద్ధ విమానాలలో క్లెర్జే అనే రోటరీ ఇంజను విరివిగా ఉండేది. ఇందులో క్రాంకు కడ్డీ కదలదు, దాని చుట్టూ సిలిండర్లే తిరుగుతాయి. తిరిగేటపుడు సిలిండరు ముందువైపు గాలి తగిలి చల్లబడుతుంది, వెనుకవైపు కాగుతూనే ఉంటుంది. దానితో గుండ్రని సిలిండరు కోలగా వంగిపోయేది. ఈ సందును మూయడానికి పెట్టిన పలుచని ఇత్తడి రింగు కొద్ది గంటలలోనే పాడయ్యేది. రింగు విరిగితే పిస్టను బిగుసుకుపోయి, శత్రువుల ప్రాంతముపై ఎగురుతున్న విమానమైనా సరే దిగిపోక తప్పేది కాదు.

బెంట్లీ ఆ రింగును మెరుగుపరచడంతో సరిపెట్టుకోక, సిలిండరునే మార్చాడు. వేడిని సమంగా పంచడానికి సిలిండరును అల్యూమినియముతో పోయించి, అరుగుదలను తట్టుకోవడానికి లోపల పోత ఇనుప తొడుగు (లైనరు) దిగగొట్టించాడు. పిస్టనులు కూడా అల్యూమినియమువే. మన మోటారు షెడ్లలో స్లీవు అని వ్యవహరించేది ఇటువంటి తొడుగునే. బి.ఆర్.1 అనే ఈ ఇంజను సాప్‌విత్ కామెల్ విమానాలలోను, పెద్దదైన బి.ఆర్.2 సాప్‌విత్ స్నైప్ విమానాలలోను పనిచేశాయి. ఈ సేవలకు బెంట్లీకి ఎం.బి.ఇ. బిరుదు, 8,000 పౌండ్ల బహుమతి లభించాయి. మొదటి భార్య లియోనీ 1919లో ఇన్‌ఫ్లుయెంజా వ్యాధితో మరణించింది.

బెంట్లీ కార్లు

1919లో బెంట్లీ మోటార్స్ ఏర్పడింది. మొదటి కారు 1921లో కొనుగోలుదారునికి చేరింది. ఈ 3 లీటర్ల ఇంజనులో 4 సిలిండర్లు ఉన్నాయి. సిలిండరు వ్యాసము 80 మి.మీ., పిస్టను నడక 149 మి.మీ. ఆనాటి బ్రిటిషు పన్ను సిలిండరు వ్యాసమును బట్టి ఉండేది గనుక సన్నని, పొడవైన సిలిండర్లు లాభము. కాని నడక పొడవైతే ప్రతి చుట్టుకు పిస్టను ఎక్కువ దూరము రాసుకుంటుంది. అందుచేత తేలిక పిస్టను ఇక్కడ అలంకారము కాదు, అవసరము. సిలిండరు, దాని తల ఒకే పోతగా ఉండటంచేత మధ్యలో గాస్కెట్టు లేదు, నీరు కారే భయము లేదు. అయితే వాల్వులు నూరాలంటే మొత్తము దిమ్మెను పైకెత్తవలసి వచ్చేది.

సిలిండరు అన్నిచోట్లా ఒకేలా అరగదు. పిస్టను పైకి వెళ్ళి క్షణకాలము ఆగే చోట నూనె పొర పలుచబడుతుంది, మండే వాయువు రింగును గోడకు నొక్కుతుంది. అందుకే పై అంచు దగ్గర అరుగుదల ఎక్కువ. కనెక్టింగు రాడ్ వాలుగా తోయడంవలన ఒక ప్రక్క ఇంకా అరుగుతుంది. ఇంజను చల్లగా ఉన్నపుడు ఆవిరికాని పెట్రోలు నూనె పొరను కడిగివేస్తుంది, చల్లని గోడలపై ఆమ్లములతో కూడిన తేమ చేరి లోహమును తినివేస్తుంది. ఈ చివరి కారణము ఎంత ముఖ్యమైనదో 1930లలో బ్రిటనులో జరిగిన పరిశోధనలు చూపించాయి. వేడెక్కి గంటల తరబడి పరుగెత్తే పందెపు కారుకంటే, రోజూ కొద్ది దూరము తిరిగి ఆగే కారుకే దీని బెడద ఎక్కువ. బెంట్లీ మాత్రము తన కార్లకు 5 సంవత్సరముల హామీ ఇచ్చాడు. ఆ కాలములో ఇది సాహసమే.

సూపర్‌చార్జరుపై అభ్యంతరము

ల మాన్‌లో 1924, 1927, 1928, 1929, 1930 సంవత్సరాలలో బెంట్లీ కార్లు గెలిచాయి. మరింత శక్తి కొరకు 4½ లీటర్ల ఇంజనుకు సూపర్‌చార్జరు తగిలించాలని చోదకుడు టిమ్ బిర్కిన్ పట్టుబట్టాడు. గాలిని బలవంతంగా కుక్కితే వేడి, ఒత్తిడి పెరిగి ఇంజను మన్నిక పోతుందని బెంట్లీ వ్యతిరేకించాడు. శక్తి కావాలంటే ఇంజనునే పెద్దది చేయాలన్నది ఈయన మతము. సంస్థ అధ్యక్షుడు వుల్ఫ్ బర్నాటో బిర్కిన్ పక్షము వహించాడు. 1930 ల మాన్‌లో సూపర్‌చార్జరు గల రెండు బెంట్లీలూ మధ్యలోనే ఆగిపోగా, అది లేని స్పీడ్ సిక్స్ కార్లు మొదటి రెండు స్థానాలు పొందాయి. అయినా నేటికీ ప్రజలు ఎక్కువగా గుర్తుంచుకున్నది బిర్కిన్ కారునే కావడం విచిత్రము.

చివరి దశ

ఆర్థికమాంద్యము వలన 1931లో సంస్థ దివాలా తీసింది. నేపియర్ సంస్థ కొంటుందని అందరూ అనుకొనగా, వేరొక సంస్థ పేరుతో రోల్స్ రాయిస్ దక్కించుకున్నది. సంస్థతో పాటు తన పేరుపై హక్కు కూడా బెంట్లీ చేజారింది. 1935లో లగొండా సంస్థకు మారి 12 సిలిండర్ల ఇంజనును రూపొందించాడు. ఆ కార్లు 1939 ల మాన్‌లో మూడు, నాలుగు స్థానాలలో నిలిచాయి. ఈయన పర్యవేక్షణలో తయారైన 2.6 లీటర్ల 6 సిలిండర్ల ఇంజను, 1947లో డేవిడ్ బ్రౌన్ లగొండాను కొన్న తరువాత, ఆస్టన్ మార్టిన్ డి.బి.2 కారులో వాడబడినది. బెంట్లీ 1971లో మరణించాడు. సంతానము లేదు.